అమ్మ బంగారం తాకట్టు పెట్టి కెమెరా కొనాలా?

ప్రశ్న (ఉత్తరంలో కొంత భాగం): అక్కా, మాది టెక్కలి దగ్గర పల్లె. వయసు 28. పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను. మూడేళ్లుగా జనవరి మొదట్లో కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లి మార్చి మొదటివారం దాకా అక్కడే ఉంటున్నాను. స్కీయింగ్, స్నోబోర్డింగ్ చేసేవాళ్లను కొండ మీద ఫోటోలు తీస్తాను. చదును చేసిన దారుల్లో కాదు, ఎవరూ తొక్కని మంచు వాలుల్లో. దాన్ని బ్యాక్‌కంట్రీ అంటారు. పోయిన సీజన్‌లో రోజుకు 12 వేల చొప్పున 30 రోజులు పని దొరికింది. 3.6 లక్షలు రావాలి, అందులో 60 వేలు ఇంకా రాలేదు. ఖర్చులు 1.9 లక్షలు. ఇప్పుడు కెమెరా బాడీ 3.4 లక్షలు, 70-200 లెన్స్ 2.1 లక్షలు పెట్టి కొనాలనుకుంటున్నాను. అమ్మ బంగారం తాకట్టు పెట్టనా? లేక 14 శాతం వడ్డీకి మూడేళ్ల ఈఎంఐ తీసుకోనా? నా ఖాతాలో 2.4 లక్షలు ఉన్నాయి. 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది. ఇంటి ఖర్చు నెలకు 25 వేలు. వైశాఖంలో చెల్లి పెళ్లి. ఈ పనిని నమ్ముకుని బతకొచ్చా?

జవాబు: తమ్ముడూ, నువ్వు పంపిన రెండు ఫోటోలూ చాలాసేపు చూశాను. ఒకటి తేలినీలాపురం చింతచెట్టు మీద రెక్కలు విప్పిన పెలికాన్. రెండోది గుల్మార్గ్ పైనున్న అఫర్వాట్ కొండ వాలులో మలుపు తిరుగుతున్న స్కీయర్. వెనక నుంచి ఎండ, నడుము ఎత్తు దాకా లేచిన మంచు పొడి, అందులో మనిషి ముఖం సగమే కనిపిస్తోంది. పాత కెమెరాతోనే తీశానని రాశావు. నీ పని మీద నాకు అనుమానం లేదు. అందుకే లెక్కలు మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను.

ఈ ఏడాది బంగారం తాకట్టు వద్దు, ఈఎంఐ కూడా వద్దు. 5.5 లక్షలకు 14 శాతం మీద మూడేళ్ల ఈఎంఐ నెలకు సుమారు 18,800 పడుతుంది. మొత్తం మీద వడ్డీయే లక్షా పాతిక వేలు దాటుతుంది. ఏడాదికి కట్టాల్సింది 2.25 లక్షలు. గుల్మార్గ్‌లో నీకు మిగిలేది, బాకీతో సహా అంతా వచ్చిందనుకున్నా, 1.7 లక్షలు. ఏ పని కోసం కెమెరా కొంటున్నావో ఆ పని దాని వాయిదాలను మోయలేకపోతోంది. ఆషాఢంలో, భాద్రపదంలో పెళ్లిళ్లుండవు. వాయిదా మాత్రం ఆ నెలల్లోనూ వస్తుంది.

బంగారం సంగతి వడ్డీ శాతంతో తేలేది కాదు. వైశాఖంలో చెల్లి పెళ్లి పెట్టుకుని, మాఘంలో ఆ నగలు తాకట్టులో ఉంటే అమ్మకు నిద్ర పట్టదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. ఆ తర్వాత నా దగ్గరకు వచ్చిన కుటుంబాల్లో ఇంట్లో బంగారం మిగిలినవాళ్లు ఒకలా, అప్పటికే తాకట్టులో ఉన్నవాళ్లు ఇంకోలా కోలుకోవడం చూశాను. మీకూ జీడితోటే ఉందని రాశావు కాబట్టి ఇది చెబుతున్నాను.

ఇప్పుడు నీ ఉత్తరంలో నువ్వు వేయని లెక్క ఒకటి చూద్దాం. గుల్మార్గ్ వెళ్లకముందు మాఘమాసంలో ఆరు పెళ్లిళ్లు చేసేవాడినని, ఆల్బమ్, మిక్సింగ్, అసిస్టెంట్ల కూలీ పోగా ఒక్కోదానికి 22 వేలు మిగిలేవని రాశావు. అంటే 1.32 లక్షలు. గుల్మార్గ్‌లో మిగిలింది 1.7 లక్షలు. తేడా 38 వేలు. ఆ 60 వేల బాకీ రాకపోతే అక్కడ మిగిలింది 1.1 లక్షలే. ఇంటి దగ్గర ఉండి మాఘం పెళ్లిళ్లు చేసుకున్నదానికంటే 22 వేలు తక్కువ. రెండు నెలలు మైనస్ డిగ్రీల చలిలో, ఆ బరువు మోస్తూ.

నువ్వు అక్కడున్నవి దాదాపు 60 రోజులు, పని దొరికినవి 30. మిగతా రోజుల్లో మంచు తుపానో, గాలికి గండోలా (కొండ మీదికి తీసుకెళ్లే రోప్‌వే) ఆగిపోవడమో. కాబట్టి నీ రేటు రోజుకు 12 వేలు కాదు, 6 వేలు. ఖర్చులు తీసేస్తే 2,800 చిల్లర. ఈ అంకె కాగితం మీద రాసి పెట్టుకో. ఇకమీదట రేటు చెప్పేటప్పుడు పక్కవాడు ఎంత అడిగాడని చూడకు, ఈ అంకె చూడు. పని రోజుకు 16 వేలకు తక్కువ ఒప్పుకోకు. వాతావరణం బాగోలేక ఖాళీగా కూర్చున్న రోజుకు సగం రేటు అడుగు. టికెట్ తీసుకునే ముందే సగం అడ్వాన్స్ చేతికి రావాలి.

మంచు కూడా నమ్మకమైనదేం కాదు. 2024 జనవరిలో గుల్మార్గ్ కొండలు నెలాఖరు దాకా బోసిగా ఉన్నాయి. 2025లో అక్కడ ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు చాలక వాయిదా పడి మార్చిలో జరిగాయి. అలాంటి ఏడాది నీకు పని ఇచ్చేవాళ్లు విమానం టికెట్లు క్యాన్సిల్ చేసుకుంటారు. నీ గది అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది.

అందుకని గుల్మార్గ్ మానేయమని నేను అనను. పంచాంగం చూసి వెళ్లమంటాను. కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి జనవరి 30 దాకా నలభై రోజుల కరుకు చలిని చిల్లాయ్ కలాన్ అంటారు కదా, మన పుష్యమాసం చాలావరకు అందులోనే పడుతుంది. పుష్యం శూన్యమాసం. ఇక్కడ నీకు పెళ్లి ఆర్డర్ ఉండదు. ఆ రోజుల్లో గుల్మార్గ్‌లో ఉంటే పోయేదేమీ లేదు. మాఘంలో ఉండాలంటే మాత్రం అడ్వాన్స్ వచ్చిన పని ఉంటేనే ఉండు, లేకపోతే రైలెక్కి వచ్చెయ్యి. మూఢం పడిన ఏడాది మాఘంలోనూ ముహూర్తాలుండవు. అలాంటి ఏడాది మార్చి దాకా హాయిగా ఉండొచ్చు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే వచ్చే చలికాలం ప్లాన్ వేసుకోవచ్చు.

అసలు నన్ను టెన్షన్ పెట్టింది నీ ఉత్తరంలోని ఒక చిన్న వాక్యం. 'బీకన్ గైడ్ దగ్గర అడిగి తీసుకుంటాను' అన్నావు. బీకన్ అంటే మంచు కింద ఉన్న మనిషి జాడ పట్టించే రేడియో పరికరం. కొండ మీది మంచు ఒక్కసారిగా జారిపడి (అవలాంచ్) మనిషి కూరుకుపోతే బతికించుకోగలిగేది మొదటి పది పదిహేను నిమిషాల్లోనే. అంత తొందరగా వెతికి తీయాలంటే ప్రతి ఒక్కరి ఒంటి మీద బీకన్, సంచిలో ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి. 2023 ఫిబ్రవరిలో అదే అఫర్వాట్ వాలుల్లో ఇద్దరు పోలెండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లోనే ఒక రష్యన్ చనిపోయాడు. ఫోటోగ్రాఫర్ అందరికంటే ముందు దిగి, వాలు కింద కదలకుండా నిలబడి, పై నుంచి వచ్చేవాడి కోసం ఎదురుచూస్తాడు. ఆ నిలబడే చోటు ఎంత ముఖ్యమో నాకంటే నీకే బాగా తెలుసు. నా బడ్జెట్‌లో మొదటి ఖర్చు లెన్స్ కాదు. నీ సొంత బీకన్, ప్రోబ్, పార. వాటికి 40 వేలు పక్కన పెట్టు.

రెండోది నీ హెల్త్ పాలసీ. పాలసీ బుక్‌లెట్ తీసి, వర్తించనివి అన్న పేజీలో ఎక్స్‌క్లూజన్ 09 అన్న కోడ్ వెతుకు. అన్ని కంపెనీల పాలసీల్లోనూ ఈ కోడ్‌కు ఒకే అర్థం. సాహస క్రీడల్లో వృత్తిరీత్యా పాల్గొన్నందువల్ల అవసరమైన చికిత్సకు డబ్బు ఇవ్వరు. పర్వతారోహణ, స్కై డైవింగ్ లాంటివి ఉదాహరణగా ఇస్తారు, వాటితోనే ఆగదని కూడా రాస్తారు. సరదాగా సెలవుల్లో స్కీ చేసి పడ్డవాడికి ఇది అడ్డు రాకపోవచ్చు. నువ్వు ఫోటో తీసేవాడివే కానీ, కాళ్లకు స్కీలు కట్టుకుని డబ్బు కోసం ఆ వాలు దిగుతున్నావు. రేపు శ్రీనగర్ ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్ బిల్లు పంపితే కంపెనీ ఈ వాక్యం చూపించవచ్చు.

కాబట్టి ఈ వారమే కంపెనీకి మెయిల్ పెట్టు. ఏజెంట్ నోటిమాట చాలదు. 'నేను వృత్తిరీత్యా ఫోటోగ్రాఫర్‌ని. ఏటా రెండు నెలలు స్కీలతో మంచు కొండల్లో పని చేస్తాను. ఆ పనిలో గాయమైతే చికిత్సకు కవర్ ఉందా?' అని అడుగు. జవాబు రాతపూర్వకంగా తెప్పించుకో. కవర్ లేదని చెబితే, అదనపు ప్రీమియంతో కవర్ ఇచ్చే కంపెనీని వెతుకుదాం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి భారం కొంత తగ్గింది.

పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ విడిగా కావాలి. అందులో తాత్కాలికంగా పని చేయలేని రోజులకు వారం వారం డబ్బిచ్చే సదుపాయం ఉన్నదే తీసుకో. కాలు విరిగితే గుల్మార్గ్ ఒక్కటే పోదు. మూడు నెలల పెళ్లి ఆర్డర్లు కూడా పోతాయి. దరఖాస్తులో వృత్తి 'ఫోటోగ్రాఫర్' అని ఒక్క ముక్కలో సరిపెట్టకుండా, మంచు కొండల్లో పని అని కూడా రాయి. 50 లక్షల టర్మ్ పాలసీ (నీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకునేటప్పుడూ అదే మాట. ప్రీమియం కాస్త పెరిగితే పెరగనీ. దాచిపెట్టి తక్కువ కట్టిన పాలసీ అమ్మానాన్నలకు అవసరమైన రోజున పనికిరాదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 రూపాయలతో జీవనజ్యోతి బీమా ఉన్నాయి. ఒక్కోటి 2 లక్షలకు. అవి కూడా చేయించుకో, కానీ అవే చాలనుకోకు.

కెమెరా బీమా గురించి క్లుప్తంగా చెబుతాను. పోయినా, పడి పగిలినా ఇచ్చే ఆల్ రిస్క్ పాలసీ దొరుకుతుంది. కానీ మామూలుగా అరుగుదలకు, తేమకు, లోపలి మరమ్మతుకు వర్తించదు. బయటి చలిలోంచి బుఖారీ పొయ్యి వేడి ఉన్న గదిలోకి వచ్చేముందు కెమెరాను పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా చుట్టి, రెండు గంటలు అలాగే ఉంచుతానని రాశావు. ఆ అలవాటు ఏ పాలసీ కంటే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

ఇక నీ ఉత్తరంలో నువ్వు తేలిగ్గా దాటేసిన మాట. 'రోజు అయ్యాక ఫైళ్లన్నీ ఇచ్చేస్తాను' అన్నావు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫోటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే. నీ పేరు కింద రాసినంత మాత్రాన హక్కు నీది కాదు. ఆ స్కీయర్ ఫోటోను జాకెట్ల కంపెనీ వాడుకోవచ్చు, హోటల్ గోడంత పెద్దది చేసి పెట్టుకోవచ్చు, నీకు రూపాయి రాదు. ఒక పేజీ ఒప్పందం రాసుకో. హక్కు నీ దగ్గరే ఉంటుందని, వాళ్లకు ఏ పనికి, ఎన్నేళ్లకు, ఏ దేశాల్లో వాడుకునే అనుమతి ఇస్తున్నావో స్పష్టంగా రాయి. సోషల్ మీడియాకు ఒక ధర, ప్రకటనకు ఇంకో ధర. చలికాలంలో తీసిన ఫోటో శ్రావణంలో కూడా డబ్బు తేవాలంటే దారి ఇదే. నీలాంటి పనిలో అసలు ఆస్తి కెమెరా కాదు, హార్డ్‌డిస్క్. దానికి రెండో కాపీ టెక్కలిలో ఉండాలి.

60 వేల బాకీకి మర్యాదగా, తేదీ వేసి, ఇన్‌వాయిస్ జతచేసి ఒక మెయిల్ పంపు. ఆ తర్వాత నోటీసు. ఇక ముందు పనుల కోసం చిన్న వ్యాపారులకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకో. ఆన్‌లైన్‌లో ఉచితం. చిన్న వ్యాపారికి ఇవ్వాల్సిన డబ్బు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలని చట్టం. ఆలస్యమైతే వడ్డీతో అడగొచ్చు, ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి ఫిర్యాదు పెట్టొచ్చు. ఇప్పుడు రిజిస్టర్ చేసుకుని పాత బాకీకి వాడదామని మాత్రం ఆశ పెట్టుకోకు. అలాగే నీకు డబ్బిచ్చిన కంపెనీలు టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసి ఉంటాయి. ఆదాయపన్ను పోర్టల్‌లో ఎంత కోశారో చూడు. 2025-26 నుంచి కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను కట్టక్కర్లేదు కాబట్టి, రిటర్న్ వేస్తే కోసింది వెనక్కి వస్తుంది.

నీ 2.4 లక్షలను ఇలా పంచుదాం. ఆరు నెలల ఇంటి ఖర్చు 1.5 లక్షలు వేరే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యి, అది నాన్నకు కూడా తెలిసి ఉండాలి. 40 వేలు బీకన్ సామానుకు. 30 వేలు బీమాకు. మిగతా 20 వేలు లెన్స్ అద్దెకు. రెండు నెలలకూ కాదు, అడ్వాన్స్ వచ్చిన రోజులకే. ఎక్కడికి తీసుకెళ్తున్నావో అద్దెకిచ్చేవాళ్లకు ముందే చెప్పి రాయించుకో. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు కనుక బ్యాంకుకు ఇచ్చిన నంబరు పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకో. ఓటీపీ రాక ప్రీమియం గడువు దాటిపోయిన కుర్రాళ్లను చూశాను.

ఆ తర్వాత ప్రతి పెళ్లి ఆర్డర్ నుంచి 5 వేలు పక్కకు తియ్యి. ఏడాదికి పాతిక పెళ్లిళ్లు చేస్తున్నావు, అంటే లక్షా పాతిక వేలు. రెండేళ్లు తిరిగేలోపే 70-200 లెన్స్ అప్పు లేకుండా వచ్చేస్తుంది. మొదట లెన్సే కొను. అది మండపంలోనూ పనికొస్తుంది, పన్నెండు నెలలూ సంపాదిస్తుంది, బాడీ అంత తొందరగా ధర పడిపోదు. బాడీ గురించి అప్పుడు మాట్లాడదాం.

ఈ పనిని నమ్ముకుని బతకొచ్చా అని అడిగావు. ఇప్పుడున్న రేటుతో, ఇప్పుడున్న ఒప్పందాలతో అయితే బతకలేవు. పెళ్లిళ్లు అన్నం పెడుతుంటే, పుష్యంలో వెళ్లి, హక్కులు చేతిలో ఉంచుకుని చేస్తే మూడు నాలుగు సీజన్లలో గుల్మార్గ్ దాని ఖర్చు అది సంపాదించుకుని పైన కూడా ఇస్తుందని నా అంచనా.

బీమా కంపెనీ నుంచి జవాబు రాగానే నాకు పంపు, కూర్చుని ఒక్కో వాక్యం చదువుదాం. ఆ పెలికాన్ ఫోటో మా ఆఫీసు గోడకు పెద్ద సైజులో కావాలి. ప్రింటుకెంత, వాడుకోవడానికెంత అని విడివిడిగా రాసి ఇన్‌వాయిస్ పంపు.