లేహ్‌లో గోడ కట్టబోతున్న మా మేనకోడలికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అది లేహ్ పోతాదంట, స్కూల్ హాస్టల్ కడతాదంట, నువ్వైనా చెప్పు అన్నా" అని ఒకటే ఏడుపు. సరే చెప్తాలే అని ఫోన్ పెట్టేశా గానీ తెల్లారేదాకా నిద్ర పట్టలా. భయం ఒకవైపు, ఇంకోవైపు మనింట్లో ట్రోంబ్ వాల్ అనే మాట, అంటే అద్దం వెనక నిలబడి పగటి ఎండ దాచుకొని రాత్రి గదికి వేడిచ్చే గోడ మాట, ఇంకొకరి నోటి నుంచి వినడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టిందే అని చీకట్లో మీసం కూడా తిప్పుకున్నా, మీ అత్తకు చెప్పొద్దు.

తెలిసినవి ముందు చెప్పేస్తా. దిగినాక రెండు రోజులు మంచం దిగకు, అది 3,500 మీటర్ల ఎత్తు, నీ జిమ్ము అక్కడ పనికిరాదు. గోడ దక్షిణానికి, బయట నల్లరంగు, అద్దానికీ గోడకీ మధ్య నాలుగైదు అంగుళాల సందు. డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు అక్కడ 32 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు, జూన్‌లో 79, కాబట్టి సన్‌షేడ్ సరిగ్గా లెక్కేస్తే చలికాలం ఎండ లోపలికొస్తది, ఎండాకాలంది ఆగిపోతది. గోడకి కిందా పైనా పెట్టే కంతలకి మూతలుండాలి, రాత్రి మూయకపోతే గదిలో గాలే అద్దం దగ్గరికి పోయి చల్లబడి కింద కంతలోంచి మళ్ళీ గదిలోకే వస్తది. ఇవన్నీ మీ కాలేజీలో చెప్పే ఉంటారు, ఫ్రాన్స్‌లో ఒడెయో అనే ఊళ్ళో 1967లో ఫెలిక్స్ ట్రోంబ్ కట్టిన ఇల్లు ఫొటో కూడా చూపించుంటారు.

వాళ్ళు చెప్పనిది గోడ మందం సంగతి.

మీ తాత మట్టి మిద్దె గుర్తుందా, రాయీ మట్టీ కలిపి రెండడుగుల గోడలు, పైన చౌడు. అనంతపురం మే నెల ఎండలో లోపలికి పోతే కుండలో కూర్చున్నట్టుండేది. గోడ మందముంటేనే ఇల్లు అని ఆయన వెయ్యిసార్లు అనుంటాడు, నేను దాన్ని వేదంలాగా పట్టుకొని లేహ్ పోయినా. తొంభైల్లో ఒక చిన్న గెస్ట్‌హౌస్ పని, సైట్ నాదే. అద్దం వెనక గోడ రెండడుగులు కట్టమన్నా. అక్కడి ముసలి మేస్త్రీ, పేరు మర్చిపోయా పాపం, చెయ్యి చాపి జానెడు కొలిచి దాని పక్కన ఇంకో రెండు వేళ్ళు పెట్టి, ఇంత చాలు సాబ్ అన్నాడు. నేను నవ్వినా. ఇంజినీర్ని కదా.

జనవరిలో బయట మైనస్ ఇరవై. పగలు అద్దం వెనక నల్లగోడ మీద చెయ్యి పెడితే కాలతాంది, రాత్రి పదింటికి గదిలోపలి నుంచి అదే గోడ ముట్టుకుంటే బావి గట్టు మాదిరి చల్లగా ఉంది! పచ్చిమట్టి గోడలో వేడి నడక నత్తనడక, పది అంగుళాలు దాటడానికే పదీ పన్నెండు గంటలు పడతది, అంటే మధ్యాహ్నం ఎండ అర్ధరాత్రికి లోపలికి చేరతది, అదే కదా మనకు కావలసింది. రెండడుగులైతే ఒక రోజు దాటినా సగం దారిలోనే చచ్చిపోతది.

ఆ చలికి తట్టుకోలేక మా వాచ్‌మన్, నీ వయసు పిల్లోడు, బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకొని తలుపు సందుల్లో గోనెపట్టా కుక్కి పండుకున్నాడు. పొద్దున టీ తెచ్చినోడు ఎంత కొట్టినా తలుపు తీయలా. పగలగొట్టి బయట మంచులో పడుకోబెట్టినాం, మనిషిలో ఉలుకు లేదు పలుకు లేదు. బతికాడు తల్లీ, బతికాడు. కుంపటి వాడు పెట్టుకున్నాడు గానీ పెట్టించింది నా గోడ. అందుకే చెప్తున్నా, మూసిన గదిలో బొగ్గు పెట్టొద్దు, నీ హాస్టల్ పిల్లలు ఎవరూ పెట్టకుండా చూసుకో, ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోతే మాత్రం వచ్చి చెవి మెలిపెడతా.

తర్వాత ఎప్పుడో తెలిసొచ్చింది, నేను తీసుకపోవాల్సింది తాత గోడ కాదు. చదువుకునేటప్పుడు టౌన్లో ఒక అద్దె రూం ఉండేది, పడమటి వైపు తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రాత్రి పదింటికి వీపు ఆనిస్తే చురుక్కుమనేది, ఓనర్ని తిట్టుకుంటూ మిద్దెక్కి పండుకునేవాళ్ళం. లేహ్‌కి కావలసింది ఆ దరిద్రపు గోడే! తాత గోడ ఉత్తరం వైపు కట్టుకో, రెండు వరసలు కట్టి మధ్యలో గడ్డి కూరు, తూర్పూ పడమరా కూడా అంతే. కప్పు మర్చిపోవద్దు, వేడి పారిపోయేది అట్నుంచే.

ఇటుకలు ఎండాకాలంలోనే కోసి ఆరబెట్టించు, తడి గోడ వేడిని తాగేస్తది. లేహ్ దగ్గర ఫే ఊళ్ళో సెక్మాల్ అనే బడి ఉంది, దాని క్యాంపస్ చూసిరా, పొయ్యి లేకుండానే పిల్లలు చలికాలం గడిపేస్తారు. మేస్త్రీ మాట విను, జానెడు చూపిస్తే నవ్వొద్దు.

మీ అత్త గోంగూర పచ్చడి కడతాంది, వద్దన్నా వినదు. ఆ చలికి శెనగనూనె గడ్డ కడతది, సీసా గోడ పక్కన పెట్టుకో. డిసెంబర్లో ఒక రాత్రి నూనె కరిగే ఉందో గడ్డ కట్టిందో ఫోన్ చేసి చెప్పు, ఎంత రాత్రయినా పర్లేదు, నేను మేలుకొనే ఉంటా.

మీ మామయ్య