సేవకునికి సెలవు ఉందా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చాలా ఏళ్లుగా ఒక సంఘానికి కాపరిగా ఉన్నాను. గడిచిన ఏడాదిగా బైబిలు తెరిస్తే వాక్యం నాతో మాట్లాడటం లేదు. ఆదివారం ప్రసంగానికి పనికివచ్చే పాయింట్లు మాత్రమే కంటికి కనిపిస్తున్నాయి. ఫోను మోగితే, పాపం ఎవరికి ఏమైందోనన్న ఆదుర్దాకు బదులు, మళ్లీ ఎవరు బాబూ అన్న విసుగు వస్తోంది. వేదిక మీద మాత్రం నవ్వుతూనే నిలబడుతున్నాను. తోటి సేవకుడొకరితో చెప్పుకుంటే, ప్రార్థన తగ్గి ఉంటుంది, 21 దినాలు ఉపవాసం ఉండండి అన్నారు. ఉన్నాను, ఇంకా నీరసించిపోయాను. కొంతకాలం సెలవు అడగాలని ఉన్నా, నాగటిమీద చెయ్యి పెట్టి వెనుకతట్టు చూచువాడు దేవుని రాజ్యానికి పాత్రుడు కాడన్న ప్రభువు మాట గుర్తొచ్చి ఆగిపోతున్నాను. నేను తప్పిపోయానా?
– పేరు ప్రచురించవద్దని కోరిన ఒక కాపరి

జవాబు: మిమ్మల్ని ఆపుతున్న వచనంతోనే మొదలుపెడదాం. లూకా 9వ అధ్యాయంలో ఆ మాట విన్న మనిషి అలసిపోయినవాడు కాడు. అతడింకా పనిలోకే దిగలేదు. ప్రభువును వెంబడిస్తానంటూనే మనసు ఇంటి దగ్గర వదిలిపెట్టుకున్నవాడికి చెప్పిన జవాబది. ఏళ్ల తరబడి దున్ని, సాలు చివర నిలబడి ఊపిరి తీసుకోవాలనుకుంటున్నవాడికి దాన్ని వర్తింపజేయడం న్యాయం కాదు. నాగటి సంగతే కావాలంటే నిర్గమకాండము 34వ అధ్యాయం చూడండి. దున్నే కాలమైనా కోసే కాలమైనా సరే, ఏడవ దినాన విశ్రమించాలని దేవుడు అక్కడ ఆజ్ఞాపించాడు. పని లేని రోజుల్లో విశ్రమించమని చెప్పడానికి ఆజ్ఞ అవసరం లేదు. ఊపిరి సలపనంత పని ఉన్నప్పుడే, ఆపితే నష్టం వస్తుందని రైతుకు గట్టిగా అనిపించే రోజుల్లోనే ఆపమన్నాడు. 23వ అధ్యాయంలోనైతే ఆ విశ్రాంతిలో ఎద్దుకూ గాడిదకూ కూడా వాటా పెట్టాడు. ఎద్దుకు దొరికినది మీకు దొరకకూడదని అనుకుంటున్నారా?

ఉపవాసం చెప్పిన సోదరుని మీద మాకు కోపం లేదు. ఆయన కూడా అదే బరువు కింద ఉండి, తనకు తెలిసిన ఒక్క మందే మీకూ ఇచ్చి ఉండవచ్చు. కానీ 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త విషయంలో దేవుడు అలా చేయలేదు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగిన తరువాత, చంపిస్తానన్న యెజెబెలు రాణి కబురు విన్న ప్రవక్త బెయేర్షెబా వరకు పరుగెత్తి, సేవకుణ్ణి అక్కడ విడిచి, ఒక దినప్రయాణమంత దూరం అరణ్యంలోకి పోయి, బదరీవృక్షం కింద కూర్చుని, ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము అని అడిగాడు. అతడికి వచ్చిన జవాబులో గద్దింపు లేదు, ప్రసంగం లేదు. దేవదూత అతణ్ణి తట్టాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండవసారి వచ్చినప్పుడు కూడా చెప్పినది, లేచి భోజనం చేయమనే. దేవుడు అతడితో మాట్లాడిన హోరేబు కొండ, గాలి, భూకంపం, అగ్ని, ఆ నిమ్మళమైన స్వరం, ఇవన్నీ ఆ తిండి, నిద్ర, 40 దినాల నడక అయిన తరువాతి సంగతులు. తినకుండా నిద్రపోకుండా ఎండిపోయిన మనిషిని ఇంకొంచెం ఎండబెట్టే పద్ధతి ఆ అధ్యాయంలో ఎక్కడా కనిపించదు. ఉపవాసం గొప్పదే, కానీ అది ఈ జబ్బుకు మందు కాదు.

మీ స్థితిని వైద్యలోకమూ గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో బర్న్‌అవుట్‌ను వ్యాధిగా కాక, అదుపు చేయకుండా వదిలేసిన దీర్ఘకాలపు పని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా నమోదు చేసింది. శక్తి హరించుకుపోవడం, పని మీద ఏవగింపు పుట్టడం లేదా మనసు దానికి దూరం కావడం, చేయగలిగినంత చేయలేకపోతున్నామనిపించడం దానికి మూడు లక్షణాలు. ఫోను మోగినప్పుడు వస్తున్న ఆ విసుగు, మీరు ప్రేమ లేనివారైపోయారనడానికి ఋజువు కాదు, రెండవ లక్షణం. దాన్ని పాపపు ఒప్పుకోలులో చేర్చి ఏడ్వడం వల్ల అది పోదు, బరువు తగ్గితేనే పోతుంది.

కాబట్టి సెలవు అడగండి. అయితే సెలవులో ఏం చేయాలన్నది అసలు కష్టం. ఎందుకంటే అన్నాళ్లు పరుగెత్తినవాడు సెలవును కూడా ఇంకొక కార్యక్రమంగా మార్చుకుంటాడు. నాలుగు పుస్తకాలు ముగించాలనీ, వచ్చే ఏడాది ప్రసంగాలన్నీ సిద్ధం చేసుకోవాలనీ, పొరుగు సంఘంలో రెండు కూటాలు ఒప్పుకోవాలనీ అనిపిస్తుంది. ఏదీ వద్దు. మొదటి వారం నిద్రపోండి. కీర్తనలలో ఒకటి తీసుకుని, చేతిలో పెన్ను లేకుండా, పక్కన నోటుపుస్తకం లేకుండా, బయటికి వినిపించేలా నెమ్మదిగా చదవండి. ఇది ప్రసంగానికి బాగుంటుందన్న ఆలోచన వస్తే, వచ్చిందని గమనించి వదిలేయండి, రాసుకోవద్దు. రాసుకున్న మరుక్షణం మీరు మళ్లీ విధుల్లో చేరినట్టే. ప్రార్థనకు మాటలు రాకపోతే 23వ కీర్తనలోని నా ప్రాణమునకు ఆయన సేదదీర్చుచున్నాడు అన్న ఒక్క వరుస చాలు. అందులో పని చేస్తున్నది కాపరి, గొర్రె కాదు. మీరు అందరికీ కాపరి గనుక మీరూ ఒక గొర్రె అన్న సంగతి మరుగున పడిపోయి ఉంటుంది. ఫ్రాన్సులోని క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు, తన పూర్వ శిష్యుడు 1145లో మూడవ యూజీనియస్ అన్న పేరుతో పోపు అయిన తరువాత, వ్యవహారాల్లో మునిగిపోతే హృదయం బండబారిపోతుందని అతణ్ణి హెచ్చరించాడు; అందరికీ నిన్ను నీవు పంచిపెడుతున్నావు గదా, ఆ అందరిలో నిన్ను కూడా ఒకడిగా లెక్కపెట్టుకో అన్నది ఆయన సలహా సారాంశం. పోపుకైనా పది కుటుంబాల కాపరికైనా ఆ లెక్క ఒక్కటే.

సువార్తలో జనసమూహం అడ్డు వచ్చినప్పుడు ప్రభువే విశ్రాంతిని మానుకున్నాడు కదా అని మీరు అనవచ్చు. మార్కు 6వ అధ్యాయంలో భోజనానికైనా తీరిక లేని శిష్యులతో, మీరేకాంతముగా అరణ్య ప్రదేశమునకు వచ్చి, కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి అని ఆయన చెప్పగా, జనం వారికంటే ముందే అక్కడికి చేరారు. ఆయన కనికరపడి బోధించాడు, అయిదువేలమంది పురుషులకు భోజనం పెట్టాడు. చాలామంది కథను అక్కడితో ఆపేస్తారు. తరువాతి వచనాలు చదవండి. శిష్యులను వెంటనే దోనె ఎక్కించి, జనసమూహాన్ని తానే పంపివేసి, ప్రార్థనకు ఒంటరిగా కొండకు వెళ్లాడు. విశ్రాంతి వాయిదా పడింది, రద్దు కాలేదు. అదే సువార్త మొదటి అధ్యాయంలో, అందరు నిన్ను వెదకుచున్నారు అని పేతురు వచ్చి చెప్పినప్పుడు కూడా ఆయన వెనక్కి రాలేదు. వేరే గ్రామాలకు పోదాం పదండి అన్నాడు. తనను వెదకిన ప్రతివారికీ ఆ రోజే దొరకాలన్న నియమం ఆయన పెట్టుకోలేదు. మరి మీరు ఎందుకు పెట్టుకున్నారన్నది సెలవులో ఆలోచించదగిన ప్రశ్న. నేను లేకపోతే సంఘం ఏమైపోతుందన్న భయంలో ప్రేమ ఎంత, నన్ను మరచిపోతారేమోనన్న దిగులు ఎంత అన్నది మీరే విడదీసి చూసుకోవాలి; ఈ రెండవది లేని సేవకుడు అరుదు, అది ఉన్నందుకు సిగ్గుపడవలసిన పని కూడా లేదు.

ప్రశ్న: మా వారు సేవకులు. రాత్రిళ్లు నిద్రపోవడం మానేశారు, తినడం తగ్గిపోయింది. ఈ మధ్య రెండుమూడుసార్లు, ప్రభువు నన్ను తీసుకుపోతే బాగుండును అన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, పదిమందికి స్వస్థత ప్రార్థన చేసేవాణ్ణి మందులు మింగితే సాక్ష్యం ఏమవుతుంది అంటున్నారు.
– ఒక సేవకురాలు

జవాబు: అమ్మా, ఈ పత్రిక మీ చేతికి వచ్చేవరకు కూడా ఆగకూడని విషయమిది. ఈ జవాబు చదివిన రోజే ఆయనను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి, మానసిక వైద్యులైతే మరీ మంచిది. ఆయన మాటను భక్తిగా అన్న మాటగా తీసివేయకండి. చనిపోవాలని ఆలోచిస్తున్నారా అని సూటిగా, ప్రేమగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునన్నా, ఆ జవాబు మిమ్మల్ని భయపెట్టినా, ఆయనను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

సాక్ష్యం సంగతి ఆయనకు ఇలా చెప్పవచ్చు. మోషే సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో, ఈ జనభారాన్ని ఒక్కణ్ణే మోయలేను, నన్ను చంపివేయమని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతణ్ణి పదవి నుంచి తీసివేయలేదు, భారం పంచుకోవడానికి 70 మంది పెద్దలను ఇచ్చాడు. పౌలు తనతో ఉన్న లూకాను ప్రియుడైన వైద్యుడని పిలిచాడు, ఆ వృత్తిని దాచలేదు. ఇటీవలి కాలపువారు కావాలంటే ఇంగ్లండులో పేరుపొందిన ప్రసంగీకుడు స్పర్జన్ ఉన్నారు. 1856 అక్టోబరు 19న లండన్‌లోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాలులో ఆయన ఆరాధన నడిపిస్తుండగా ఎవరో నిప్పు అని అరవడంతో తొక్కిసలాట జరిగి ఏడుగురు మరణించారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. తరువాతి జీవితంలో ఆయన మానసిక కృంగుదలతో పలుమార్లు బాధపడ్డారు, దాన్ని దాచకపోగా తన దగ్గర చదువుకునే సేవకులకు దాని గురించే బోధించారు, ఆరోగ్యం కోసం చలికాలాల్లో దక్షిణ ఫ్రాన్సులోని మెంటన్‌కు వెళ్లేవారు. ఆయన సాక్ష్యానికి ఏమీ కాలేదు.

మీ గురించి ఒక్క మాట. కాపరి భార్యకు కాపరి ఉండడు అన్నది మన సంఘాల్లో చాలామందికి తెలిసిన బాధే. భర్త పరువు పోతుందని మీరు ఎవరికీ చెప్పుకోకుండా ఉండి ఉంటారు. నమ్మదగిన ఒక్కరికి, సంఘం బయటివారైనా సరే, ఈ వారమే చెప్పండి.

ప్రశ్న: మా అయ్యగారు మూడు నెలల సెలవు అడిగారు. కమిటీలో కొందరు, మేమంతా ఉద్యోగాలు చేసుకుంటూ కూడా సంఘానికి వస్తున్నాము, ఆయనకు వారంలో ఉన్నది ఒక్క ఆదివారం పనే గదా అంటున్నారు. జీతంతో సెలవు ఇవ్వడం వాక్యానుసారమేనా?
– ఒక సంఘ పెద్ద

జవాబు: ఒక్క ఆదివారం పని అన్నవారిని, కోపం తెచ్చుకోకుండా, ఒక వారం అయ్యగారి ఫోను తమ దగ్గర ఉంచుకోమనండి. అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి, తెల్లవారకముందే భార్యాభర్తల తగవు నుంచి, మధ్యాహ్నం భూస్థాపన ఏర్పాట్ల గురించి కాల్స్ వచ్చిన తరువాత చర్చ సులువవుతుంది.

ఇక వాక్యం విషయానికి వస్తే, దేవుడు తన సేవకు ఏర్పరచిన మొదటి మనుషులకే హద్దులు పెట్టాడు. సంఖ్యాకాండము 8వ అధ్యాయం ప్రకారం లేవీయులు 25 ఏళ్లకు పనిలో చేరి 50 ఏళ్లకు బరువు పని మానాలి, తరువాత తమ సహోదరులకు తోడుగా మాత్రమే ఉండాలి. దావీదు యాజకులను 24 తరగతులుగా విభజించాడు. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా అబీయా తరగతివాడని, దేవాలయంలో దూత కనబడి మాట్లాడినంతటి సంగతి జరిగిన తరువాత కూడా, తన సేవ దినాలు ముగియగానే ఇంటికి వెళ్లాడని లూకా రాశాడు. అంత దర్శనం చూశాను గనుక ఇంకో నెల ఉంటానని అతడు అనలేదు. వంతు ముగిసింది, మరొకరి వంతు వచ్చింది. లేవీయులు విశ్రాంతిలో ఉన్నారని వారి జీవనాధారమైన దశమభాగం ఆపమన్న ఆజ్ఞ మాకు ఎక్కడా కనిపించలేదు. కాబట్టి జీతం ఆపకండి. ఇంటి ఖర్చుల దిగులుతో తీసుకునే సెలవు సెలవు కాదు.

అయితే మూడు నెలలు ఇచ్చి, తిరిగి అదే బరువు ఎత్తిపెడితే డబ్బూ కాలమూ వృథా అవుతాయి. నిర్గమకాండము 18వ అధ్యాయంలో యిత్రో తన అల్లుడు మోషేకు విశ్రాంతి తీసుకోమని చెప్పలేదన్నది గమనించండి. ఉదయం నుంచి సాయంత్రం వరకు ఒక్కడే తీర్పు తీరుస్తున్న మోషేను చూసి, నీవు చేయుచున్న పని మంచిది కాదు అన్నాడు, నీవూ ఈ ప్రజలూ కూడా నలిగిపోతారని హెచ్చరించాడు, వెయ్యిమందికీ నూరుమందికీ ఏబదిమందికీ పదిమందికీ అధిపతులను నియమించమన్నాడు. మనిషిని కాదు, పని పద్ధతిని మార్చాడు. మీ కమిటీ చేయవలసినది ఇదే. సెలవు మొదలయ్యేలోగా అయ్యగారు వాస్తవంగా చేస్తున్న పనులన్నీ ఆయన చేత రాయించండి. జాబితా చూసి మీరే ఆశ్చర్యపోతారు. అందులో వాక్యపరిచర్యకు, ప్రార్థనకు సంబంధించినవి వేరు చేసి, బిల్లులు, మరమ్మతులు, వాహనాలు, కూటాల ఏర్పాట్లు పేరుపేరునా ఎవరెవరికో అప్పగించండి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఏడుగురిని ఏర్పరచుకున్నది ఇలాంటి అవసరానికే. రోగుల పరామర్శలో సగం పెద్దలు పంచుకోవచ్చు. ఆయన తిరిగి వచ్చిన తరువాత ఆ పనులు ఆయన దగ్గరికి వెనక్కి పోకూడదు; పోతాయి, ఎందుకంటే ఆయనే తీసుకుంటారు, అప్పుడు మీరు ఇవ్వకూడదు.

సెలవులో ఉన్నంతకాలం ఒక్క పెద్ద మాత్రమే ఆయనతో మాట్లాడాలని, ఆ మాటల్లో సంఘ సమస్యలు రాకూడదని తీర్మానంలో రాయండి. వారంలో ఒక పూర్తి దినం ఆయనకు సెలవని, ఆ రోజు ఫలానా పెద్ద ఫోను ఎత్తుతారని సంఘమంతటికీ ఆదివారం ప్రకటనల్లో చెప్పండి, ఇది సెలవు ముగిసిన తరువాత కూడా కొనసాగాలి. తిరిగి వచ్చిన మొదటి నెల ఆయనకు ఒక్క ప్రసంగం మాత్రమే ఇచ్చి, మిగిలిన ఆదివారాలు ఇతరులకు ముందుగానే కేటాయించి పెట్టండి.