పీజీలో ఉండే అమ్మాయి బ్యాగులో చాకు పెట్టుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: వయసు 18, ఈ ఏడాదే బెంగళూరులో డిగ్రీలో చేరారు, మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటున్నారు. స్నేహితులతో ట్రెక్కింగ్ మొదలుపెట్టారు. మడిచే చాకు ఒకటి కొనుక్కోవాలని ఉంది. ఏది కొనాలి, రోజూ బ్యాగులో ఉంచుకుంటే పోలీసులతో ఇబ్బందా, రాత్రిపూట ఒంటరిగా నడిచేటప్పుడు కాస్త ధైర్యంగానూ ఉంటుంది కదా అని.

నాకు 39. మాది మదనపల్లె దగ్గర పల్లె. పదిహేనేళ్లుగా బెంగళూరులో మిద్దె తోటలు వేసిపెట్టే పని చేస్తున్నాను. చాకు లేకుండా నాకు రోజు గడవదు. అక్కలాంటిదాన్ని, నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముందు నీ ప్రశ్నలో చివరి మాట తీసుకుంటాను. ధైర్యం కోసమైతే కొనొద్దు చెల్లీ. ఈ మాట భయపెట్టడానికి అనట్లేదు. మడిచే చాకు తెరవాలంటే బ్యాగు జిప్పు తీయాలి, అడుగున వెతకాలి, గోరు గాడిలో పెట్టి రెండు చేతులతో లాగాలి. గదిలో తీరిగ్గా కూర్చుని ఒకసారి చేసి చూడు, ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. ఎవడో వెంటపడుతున్నప్పుడు ఆ కాసేపట్లో వీధి చివరి దుకాణం దాకా పరుగెత్తొచ్చు, గట్టిగా అరవొచ్చు. పైగా చాకు బయటికి వచ్చాక అది నీది కాదు, ఎవరి చేయి బలమైనదైతే వాళ్లది. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇంకొకటి: చేతిలో చాకు ఉందన్న నమ్మకంతో, పారిపోవాల్సిన చోట నిలబడిపోతావు. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, కాదనను. కానీ అవసరానికి మించి గాయపరిచావా అనేది తర్వాత తూచి చూస్తారు. పదునైన ఆయుధంతో గాయం చేస్తే భారతీయ న్యాయ సంహితలో 118వ సెక్షన్ వేరే ఉంది, చేత్తో కొట్టినదానికంటే శిక్ష ఎక్కువ. రాత్రిపూట అత్యవసర సాయానికి 112 నంబరు ఫోన్‌లో సిద్ధంగా ఉంచుకో, లొకేషన్ రూమ్మేట్‌కు పంపు, వెలుతురున్న దారిలో రా. దానికి చాకుతో పనిలేదు.

పని కోసమైతే మాత్రం తప్పకుండా కొనుక్కో. దోసకాయ తరగడానికి, తాడు కోయడానికి, కాలి బొబ్బకు ప్లాస్టర్ కత్తిరించడానికి ట్రెక్‌లో చిన్న చాకు చేసే మేలు అంతా ఇంతా కాదు.

చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం ఉంది, దాని కింద 2016లో కొత్త నిబంధనలు వచ్చాయి. బ్లేడు 9 అంగుళాలకు మించి పొడవున్నా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా ఆ కత్తి వాటిలో ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైనవాటికి మినహాయింపు ఉంది. నీకు కావలసింది 3 అంగుళాల లోపుది, అంటే ఆ లెక్కకు చాలా దూరం. అలాగని ఎప్పుడైనా ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చని కాదు. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు నగరంలో 163 సెక్షన్ పెడతారు (ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోది). 2024 జూలైకి ముందు అందరూ 144 అన్నది ఇదే. ఆయుధాలు వెంట ఉంచుకోకూడదని ఆ ఉత్తర్వుల్లో మామూలుగా రాస్తారు. అప్పుడు చిన్నదైనా ఇంట్లోనే ఉంచు. మామూలు రోజుల్లో కూడా పోలీసు ఆపి అడిగేది ఒకటే, ఇది ఎందుకు అని. ట్రెక్ బ్యాగులో తాడు, దోసకాయలు, మందుల పెట్టె పక్కన చాకు ఉంటే నువ్వు జవాబు చెప్పక్కర్లేదు, బ్యాగే చెబుతుంది. అదే చాకు రాత్రి పదకొండింటికి జీన్స్ జేబులో ఉంటే చెప్పడానికి జవాబే ఉండదు.

ఇక ఏది కొనాలి. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి, రెండు వైపులా పదునున్నవి, నల్లరంగు వేసి పుర్రె బొమ్మ గీసినవి ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లకు. వాటితో దోసకాయ కూడా సరిగ్గా తెగదు, చూసినవాళ్లకు మాత్రం అనుమానం వస్తుంది.

నా దగ్గర రెండున్నాయి. ఒకటి విక్టోరినాక్స్ వాళ్ల ఎర్రటి చిన్నది, మడిస్తే 58 మిల్లీమీటర్లు. చిటికెన వేలంత బ్లేడు, బుల్లి కత్తెర, గోళ్లు అరగదీసే రేకు, ముల్లు తీసే చిమటా ఉంటాయి. నిజం చెప్పాలంటే ట్రెక్‌లో బ్లేడు కంటే కత్తెరనే ఎక్కువ వాడతాను. (ఆ కంపెనీ పేరులో అమ్మ ఉందని తెలిసినప్పటి నుంచీ నాకు అదంటే ఇంకా ఇష్టం. స్థాపించిన కార్ల్ ఎల్సెనర్ వాళ్లమ్మ పేరు విక్టోరియా. తుప్పు పట్టని ఉక్కును ఫ్రెంచిలో ఇనాక్స్ అంటారు. రెండూ కలిపారు.) రెండోది ఫ్రాన్స్‌లో చేసే ఒపినెల్, చెక్క పిడిది. బ్లేడు తెరిచాక పిడి దగ్గరున్న ఉంగరం తిప్పితే లాక్ పడుతుంది, వేళ్ల మీదికి మడుచుకోదు. అందులోనే పిల్లల కోసం మొన గుండ్రంగా ఉన్నది కూడా వస్తుంది. మొదటి చాకుగా నేనైతే దాన్నే చెబుతాను. ఒక్క ఇబ్బంది, వానాకాలంలో చెక్క ఉబ్బి బ్లేడు ఒక పట్టాన బయటికి రాదు. కొనేటప్పుడు స్టెయిన్‌లెస్‌దే తీసుకో. కార్బన్ ఉక్కుదైతే నిమ్మకాయ కోసి తుడవకుండా వదిలేస్తే మచ్చ పడుతుంది, తుప్పు పడుతుంది.

ఎక్కడ కొన్నా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. తెరిచి పట్టుకుని బ్లేడును పక్కలకు కదిపితే లటలటలాడకూడదు. నీ గోరుతో నువ్వే తెరవగలగాలి, అంగడి అతను తెరిచి చూపిస్తే లాభం లేదు.

లాక్ ఎందుకు కావాలో నా వేలు చెబుతుంది. నాకప్పుడు 24. ఒకరింటి మిద్దె మీద వేపపిండి డబ్బా మూత రావట్లేదని లాక్ లేని చాకు మొనను మూత కింద దోపి పైకి ఎత్తాను. అలాంటి చాకులో బ్లేడును ఆపేది లోపలి స్ప్రింగు ఒక్కటే, వెనక నుంచి బలం పడితే టపీమని మడుచుకుంటుంది. మడుచుకుంది, మధ్యలో నా చూపుడు వేలుంది. మొదట నొప్పి కూడా తెలియలేదు, గచ్చు మీద చుక్కలు చూసి తెలుసుకున్నాను. ఆ ఇంటి ఆంటీ కంగారుగా కాఫీ పొడి తెచ్చి గాయంలో అదిమింది. ఆమెది ప్రేమే, కానీ ఆస్పత్రిలో నాలుగు కుట్లు వేయడం కంటే ఆ పొడిని కడిగి తీయడానికే ఎక్కువసేపు పట్టింది, ప్రాణం పోయినట్లయింది. నీకు తెగితే కాఫీ పొడీ పసుపూ వద్దు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి, చేయి పైకెత్తి పెట్టు. మధ్యమధ్యలో తీసి చూడకు. లోతుగా తెగినా, రక్తం ఆగకపోయినా, వేలు మొద్దుబారినట్లున్నా నేరుగా ఆస్పత్రికే. టీటీ ఇంజెక్షన్ సంగతీ అక్కడే అడుగు. మూతలు తీయడానికి స్పూను వాడు, చాకు కోయడానికే.

వాడేటప్పుడు స్కౌట్స్‌లో నేర్పే పద్ధతి ఒకటుంది. మూసిన చాకు పట్టుకుని చేయి చాచి చుట్టూ తిరుగు, ఎవరికీ తగలకపోతేనే తెరువు. ఒళ్లో పెట్టుకుని కోయకు. నడుస్తూ తెరిచి పట్టుకోకు. ఎవరైనా అడిగితే, మా అమ్మ చేసినట్లే చెయ్యి. ఆమె కత్తిపీటైనా చాకైనా చేతికివ్వదు. కింద పెడుతుంది, అవతలివాళ్లే తీసుకోవాలి. చేతికిస్తే తగాదాలొస్తాయని మన ఇళ్లలో నమ్మకం. తగాదాల సంగతి ఎలా ఉన్నా ఇద్దరి వేళ్లూ భద్రంగా ఉంటాయి. మడిచి కింద పెట్టడం ఇంకా మంచిది. కొండ మీద చెట్ల బెరడు మీద పేర్లు చెక్కడం, అడవిలో పచ్చి కొమ్మలు కొట్టడం మాత్రం వద్దు. మొక్కలతో బతికేదాన్ని, అది చూస్తే నాకు ఏడుపొస్తుంది.

పదును తగ్గితే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే బలం పెడతావు, జారుతుంది. సానరాయి తడిపి, బ్లేడును కొద్దిగా, సుమారు 20 డిగ్రీలు వాల్చి, రెండు వైపులా సమానంగా నూరు. బొటనవేలితో పదును చూడకు. పండిన టమాటా మీద ఆనించి మెల్లగా లాగు, తోలు ఇట్టే తెగితే చాలు.

చివరిగా రోజూ బ్యాగులో పెట్టుకోవడం గురించి. వద్దు. కాలేజీలో, మాల్‌లో, స్టేడియం గేటు దగ్గర ఎక్కడైనా అది సమస్యే. విమానంలోనైతే చేతి సంచిలో అసలు కుదరదు, చెక్-ఇన్ లగేజీలో వేయాలి. ఒక ఆదివారం సావనదుర్గ కొండ ఎక్కి వచ్చాను, సోమవారం అదే బ్యాగుతో మెట్రోకి వెళ్లాను. స్కానర్ దగ్గర బ్యాగు ఆగింది. సెక్యూరిటీ అమ్మాయి నెమ్మదిగానే అడిగింది, నేనే తల దించుకుని చాకు బయటికి తీశాను. వెనక క్యూలో అందరూ చూస్తున్నారు. లోపలికి పంపలేదు, బస్సులో వెళ్లి పనికి గంట ఆలస్యమయ్యాను. ఆమె చేసింది సరైన పని, బ్యాగు చూసుకోకపోవడం నా తప్పు. అప్పటి నుంచి ట్రెక్ నుంచి రాగానే బూట్లు విప్పకముందే చాకు తీసి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కీలులో ఒక చుక్క నూనె వేసి అల్మరాలో పెట్టేస్తున్నాను.