బొమ్మలేస్తే చాలదా, చరిత్ర కూడా చదవాలా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. ఇంటర్ అయింది, బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పెయింటింగ్‌లో చేరదామనుకుంటున్నాను. అందులో ప్రపంచ కళా చరిత్ర కూడా చదవాలట. నాది తెలుగు మీడియం, ఆ పేర్లూ తేదీలూ చూస్తేనే టెన్షన్. ఆ టైములో ఇంకో నాలుగు బొమ్మలు వేసుకోవచ్చు కదా? ఉద్యోగం సంగతేంటని నాన్న కూడా అడుగుతున్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: రెంబ్రాంట్ పేరు వినే ఉంటావమ్మా, చీకట్లోంచి ముఖాలు బయటికొస్తున్నట్టు నూనెరంగులు వేసిన డచ్చి చిత్రకారుడు. ఆయన యాభై ఏళ్ల వయసులో, అంటే సుమారు 1656–1661 మధ్య, మన మొఘల్ చిత్రాలు చూసి ఇరవైకి పైగా బొమ్మలు గీశాడు. షాజహాన్ కూడా ఉన్నాడు వాటిలో. ఓడల్లో ఆసియా నుంచి వచ్చిన కాగితం తీసుకుని, సన్నటి కలంతో తలపాగా, నడికట్టు, అంగరఖా అంచు ఓపిగ్గా దించాడు. అంత పేరున్న మనిషికి అప్పుడు కొత్తగా ఆ గీత నేర్చుకోవాల్సిన అవసరమేంటి? నన్నడిగితే ఆ కాసేపూ ఆయన చదివింది కళా చరిత్రే, చేతిలో మాత్రం కలం ఉంది.

నువ్వూ అలాగే చదువు. క్లాసులో చూపించిన ప్రతి బొమ్మనీ నోట్సులో అగ్గిపెట్టంత సైజులో గీసి, వెలుగు ఎటు నుంచి పడుతోందో బాణం గుర్తు పెట్టి, కింద పేరూ ఏడాదీ తెలుగులోనే రాసుకో. చేత్తో గీసింది అంత తొందరగా మర్చిపోం. ఇంగ్లీషు స్పెల్లింగులు తర్వాత చూసుకోవచ్చు.

మొదలు మీ దగ్గర్నుంచే పెట్టు. శ్రీముఖలింగం వెళ్లి మధుకేశ్వరాలయం ద్వారం మీది లతల చెక్కడం గీసుకో, తర్వాత అమరావతి శిల్పాల్లోని లతలతో పోల్చి చూడు. ఆ శిల్పాల్లో చాలా వాటిని చూడాలంటే చెన్నై మ్యూజియానికో లండన్ బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి. మనవి అక్కడికెలా చేరాయన్నది కూడా ఈ చరిత్రలో భాగమే, అది చదివితే ఒళ్లు మండుతుంది కూడా.

దగ్గర్లో కావాలంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ ఉంది. దూరం వెళ్లగలిగితే బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ, 1919లో మొదలైన శాంతినికేతన్ కళాభవన్. ఈ రెండుచోట్లా కళా చరిత్రకి విడిగా డిపార్టుమెంటే ఉంది. రెండింట్లోనూ పాఠాలు చెప్పిన కె.జి. సుబ్రమణ్యన్ బొమ్మలూ వేశారు, కళ మీద వ్యాసాలూ రాశారు. ఎక్కడైనా చేరే ముందు అక్కడి సీనియర్లని అడుగు: చరిత్ర క్లాసంటే పాత నోట్సు డిక్టేట్ చేయడమేనా అని. అవునంటే ఇంకో కాలేజీ చూసుకో.

నాన్నగారికి చెప్పు, యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్స్ సబ్జెక్టు ఉంది, కళా చరిత్ర కూడా అందులోనే. పీజీ చేసి అది పాసైతే లెక్చరర్ పోస్టులకి దారి ఉంటుంది. మ్యూజియం ఉద్యోగాలున్నాయి గానీ తక్కువ, ఆశ పెట్టను.

అడ్మిషన్‌కి తీసుకెళ్లే ఫైల్లో మాత్రం ఫొటో చూసి వేసిన హీరోల ముఖాలు తగ్గించు. మీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నవాళ్లని చూసి గీసిన స్కెచ్‌లు ఎక్కువ పెట్టు.