మీ బండి, మీ డౌట్లు: ఆయిలు మార్చడం సరే, పాత రబ్బరు రింగు చూశారా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. 2016 వేగనార్ ఉంది, పెట్రోలు. శ్రీకాకుళం తీసుకెళ్లి సర్వీసింగ్‌కి ఇస్తే పొద్దున్న ఇచ్చిన బండి సాయంత్రానికి గానీ చేతికి రావట్లేదు, ఆయిలు మార్చడం మాత్రం అరగంట పనే అంటన్నారు. ఈసారి ఆయిలు, ఫిల్టరు ఇంటి దగ్గర నేనే మార్చేద్దామనుకుంటన్నాను. మా మావయ్యగారేమో "నీకెందుకయ్యా అల్లుడూ, ఇంజిను పట్టేసి సీజ్ అయిపోద్ది" అని ఒకటే గోల. చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యొచ్చండీ, శుభ్రంగా చెయ్యొచ్చు. మీ మావయ్యగారి భయం కూడా ఊరికే కాదులెండి, ఆయిలు లేకుండా స్టార్ట్ చేస్తే సీజ్ అవ్వక ఏటవుద్ది. మీ బండికి వారంటీ ఎప్పుడో అయిపోయుంటాది కాబట్టి ఆ గొడవ లేదు. వారంటీలో ఉన్న కొత్త బండైతే మాత్రం వద్దంటాను.

ముందు ఆయిలు సంగతి. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు రాసుందో అదే కొనండి, ఎంత పట్టుద్దో కూడా అందులోనే ఉంటాది. మన దగ్గర ఎండలెక్కువ కదా చిక్కటిది పొయ్యి అని షాపులో ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకండి. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని గ్రేడు ఉంటే, అందులో 30 అనేది 100 డిగ్రీల వేడిలో ఆయిలు ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే నంబరు, అంటే ఇంజిను లోపలి వేడికి లెక్క కట్టిందే, బయట వైశాఖమా పుష్యమా అన్నది దానికి అనవసరం. పొద్దున్నే చల్లటి ఇంజిను స్టార్ట్ చేసినప్పుడు మరీ చిక్కటి ఆయిలు పైకి ఎక్కడం లేటవుద్ది, అరుగుదల ఎక్కువుండేది అప్పుడే.

బండి కిందకి దూరడం అన్నిటికన్నా డేంజరు. ఒక్క జాకీ మీద లేపి కిందకి దూరొద్దు, ఎంత తొందరైనా సరే. సిమెంటు ఇటుకలు పెట్టి లేపేవాళ్లని చూశాను, అవి చెప్పకుండా పగిలిపోతాయి. గట్టి ర్యాంపులు గానీ జాకీ స్టాండ్లు గానీ ఉండాలి, నేల గట్టిగా సమంగా ఉండాలి, హ్యాండ్‌బ్రేకు, ఫస్టు గేరు, వెనక చక్రాలకి అడ్డుగా రాళ్లు. ఇవేవీ కుదరకపోతే తెలిసిన మెకానిక్ దగ్గరికెళ్లి ఆయన ర్యాంపు మీద మీరే పని చేసుకోండి, టీ ఖర్చుతో పోద్ది.

ఇంజిను ఐదు నిమిషాలు ఆడించి ఆపేసి కాసేపు ఆగండి, ఆయిలు గోరువెచ్చగా ఉంటే బాగా దిగుద్ది, సలసలా కాగుతున్నప్పుడు విప్పితే చెయ్యి బొబ్బలెక్కుద్ది. పైన ఆయిలు పోసే మూత తీసేసి, కింద ఆయిలు నిలవుండే ఛాంబర్‌కి టబ్బు పెట్టి, సైజు సరిగ్గా పట్టే రింగు పానాతో ఆయిలు దించే డ్రెయిన్ బోల్టు విప్పండి. చివరి రెండు మరలూ చేత్తో విప్పండి, పానాతో లాగేస్తే బోల్టు టబ్బులో పడి ఆయిలు మీ మొహాన పడుద్ది. మళ్లీ బిగించేటప్పుడు కొత్త వాషర్ వెయ్యండి, ఆ నాలుగు రూపాయల దగ్గర కక్కుర్తి పడొద్దు. బలమంతా పెట్టి బిగించినా చెడ్డదే, ఛాంబర్ లోపలి మర పోతే మీరు మిగుల్చుకున్న డబ్బులకి పదింతలు ఖర్చు.

ఇక ఫిల్టరు. నేను మొదటిసారి చేసినప్పుడు విజయనగరంలో అద్దింట్లో ఉండేవాళ్లం. ధనుర్మాసం, మా ఆవిడ పొద్దున్నే వాకిలి తుడిచి ముగ్గేసి గొబ్బెమ్మలు పెట్టింది. పాత ఫిల్టరు విప్పాను, దాని రబ్బరు రింగు ఇంజినుకే అతుక్కుని ఉండిపోయింది, నేను చూసుకోలేదు, దాని మీదే కొత్తది బిగించి స్టార్ట్ చేశాను. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి నిలవవు కదా, అలగ చిమ్మిందండీ ఆయిలు, ముగ్గూ గొబ్బెమ్మలూ అన్నీ తడిసిపోయాయి. వెంటనే ఆపేశాను కాబట్టి ఇంజిను బతికింది, ఇంటి ఓనరమ్మగారు మాత్రం సంక్రాంతి వెళ్లేదాకా మాట్లాడలేదు. రెండు బస్తాల ఊక పోసి ఎత్తినా ఆ మరక పోలేదు.

అందుకే పాత ఫిల్టరు చేతిలోకి రాగానే తిరగేసి రింగు దానికి ఉందో లేదో చూడండి, ఇంజిను వైపు మసిగుడ్డతో తుడిచి వేలితో తడమండి. కొత్త ఫిల్టరు రింగుకి కొత్త ఆయిలు కొంచెం రాసి చేత్తోనే తిప్పండి, రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు, అంతే. పానాతో బిగిస్తే వచ్చేసారి మీరే విప్పలేక తిట్టుకుంటారు.

ఆయిలు ఒకేసారి పొయ్యకుండా కొంచెం ఆపి, డిప్‌స్టిక్ (ఆయిలు ఎంతుందో చూసే గీతల పుల్ల) చూసి మిగతాది పోసుకోండి, పైగీత దాటకూడదు. స్టార్ట్ చేశాక మీటర్ల దగ్గరుండే ఆయిలు గుర్తు ఎర్ర లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, ఆరకపోతే ఆపెయ్యండి. కింద ఎక్కడన్నా చుక్క పడతందేమో చూసి, ఆపి ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ మళ్లీ చూడండి, కొత్త ఫిల్టరు కొంచెం తాగేస్తాది కాబట్టి ఆ వెలితి పూరించండి.

ప్రశ్న: నాది డీజిలు స్విఫ్టు. ఆయిలు మార్పించి రెండ్రోజులవలేదు, డిప్‌స్టిక్ తీస్తే నల్లగా కాటుకలా ఉంది. మెకానిక్ పాతదే వదిలేసి బిల్లేశాడా ఏటి? – చీపురుపల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: పాపం ఆయన్ని అనుమానించకండి. డీజిలు ఇంజినులో మసి ఎక్కువ, ఎంత దించినా లోపల కొంత పాత ఆయిలు ఉండిపోద్ది, కొత్త ఆయిల్లో కడిగే మందు ఉంటాది కాబట్టి ఆ మసిని లాగి నల్లబడుద్ది. రంగు చూసి డీజిలు ఆయిలు పాడైందనుకోకూడదు. మీకు నమ్మకం కుదరకపోతే వచ్చేసారి దగ్గరుండి మార్పించుకోండి, ఖాళీ డబ్బా, పాత ఫిల్టరు చూపించమనండి.

ప్రశ్న: దించిన ఆయిలు ఏం చెయ్యాలి? మా వీధిలో గజ్జి కుక్కలకి పూస్తే మంచిదంటన్నారు. – శ్రీకాకుళం పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, కాలిన ఆయిల్లో లోహప్పొడి, విషాలు ఉంటాయి, కుక్క నాక్కుంటే కడుపులోకి పోద్ది. గజ్జికి పశువుల డాక్టరుగారి దగ్గర మందుంది. కాలవలోనూ పొయ్యొద్దు, ఊరి మధ్యనే నాగావళి పారతంది. కొత్త ఆయిలు వచ్చిన ఖాళీ డబ్బాలోనే పోసి మూత పెట్టి గ్యారేజీకి ఇచ్చెయ్యండి, వాళ్లు డ్రమ్ముల్లో దాచి కొనుక్కునేవాళ్లకి అమ్ముకుంటారు. డబ్బా మీద "పాతది" అని మాత్రం పెద్దక్షరాలతో రాయండి, మా ఇంట్లో కొత్తదనుకుని తలుపు బందులకి రాసేశారొకసారి, గోడంతా నల్ల చారలు.