ఏ పేరు పలికితే దేవుడు వింటాడు అని అడిగిన కువైట్ చెల్లికి

చదివేవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఈ చెల్లి కోనసీమ నుంచి ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద కువైట్ వెళ్లి ఒక ఇంట్లో పనిచేస్తోంది. పంపిన జీతమంతా భర్త అకౌంట్‌కి పోతుంది, అక్కడి నుంచి బ్రాందీ షాపుకి పోతుంది. అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పదకొండేళ్ల కూతురు ఫోన్ ఇస్తే మాట్లాడట్లేదు. రాత్రి నిద్ర లేదు. ఊళ్లో ప్రార్థనకి వచ్చే సిస్టర్ ఒకామె రోజూ వాట్సాప్‌లో యెహోవా యీరే, యెహోవా రాఫా, ఎల్ షద్దాయ్ అని బైబిల్లో దేవుడికి ఉన్న హీబ్రూ పేర్లు పంపి ఇవి పదే పదే పలుకు అన్నీ మారిపోతాయి అంటోందంట. పలుకుతున్నా ఏమీ అనిపించట్లేదు, నా విశ్వాసంలోనే లోపం ఉందా, అసలు ఏ పేరు పలకాలి అని అడిగింది.

చెల్లెమ్మా, ముందు ఆ లోపం సంగతి. విశ్వాసం తక్కువైనవాళ్లు అర్ధరాత్రి పాత్రలన్నీ తోమేసి వచ్చి ఫోన్ వెలుగులో బైబిల్ తీసుకుని కూర్చోరు. మీరు అలసిపోయారు, అంతే. ఆ సిస్టర్ గారు మంచి మనసుతోనే పంపుతున్నారు, కాదనను, కానీ ఆ పేర్లు లెక్కపెట్టి పలకడానికి వచ్చినవి కావు, చాలావరకు ఎవరో ఒకరు పీకల్లోతు కష్టంలో ఉన్నప్పుడు పుట్టినవి, ఆ మనిషి కథ వదిలేసి ఒట్టి పేరు మాత్రమే పట్టుకుంటే మీకే కాదు ఎవరికీ ఏమీ అనిపించదు.

అందుకే మీకు యీరే, రాఫా కాకుండా ఇంకోటి చెప్తా. ఆదికాండం 16వ అధ్యాయం తీయండి. హాగరు. ఐగుప్తు (ఈజిప్టు) నుంచి వచ్చిన పనిమనిషి, పరాయి దేశంలో పరాయి ఇంట్లో చాకిరీ. ఆ అధ్యాయంలో యజమానురాలు శారయి గానీ ఆమె భర్త అబ్రాము గానీ ఆమెని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవరు, చూడండి కావాలంటే, నా దాసి నీ దాసి అనే అంటారు. (ఆ ఇంట్లో మిమ్మల్ని కూడా పేరుతో పిలవరని రాశారు కదా, అది చదివినప్పుడే నాకు ఈమె గుర్తొచ్చింది.) కడుపుతో ఉండి, శారయి పెట్టే బాధ పడలేక అరణ్యంలోకి పారిపోతే షూరు దారిలో నీళ్ల ఊట దగ్గర దేవదూత మొదటిసారి హాగరూ అని పిలిచాడు. ఎక్కడ నుంచి వస్తున్నావు, ఎక్కడికి పోతున్నావు అని రెండు ప్రశ్నలు అడిగితే మొదటిదానికే జవాబు చెప్పింది, రెండోదానికి ఆమె దగ్గర జవాబే లేదు. అయినా విన్నాడు. అప్పుడు ఆమే దేవుడికి పేరు పెట్టింది, ఎల్ రోయి, చూచుచున్న దేవుడవు నీవే అని. ప్రవక్త కాదు, యాజకుడు కాదు, పెట్టింది ఒక పనిమనిషి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దేవదూత ఆమెని తిరిగి యజమానురాలి దగ్గరికి వెళ్లమన్నాడు కదా అని ఆ వచనం చూపించి దెబ్బలు తినే ఆడవాళ్లని సర్దుకుపోమ్మా అనేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. 21వ అధ్యాయం కూడా చదివి మాట్లాడితే బాగుండు, అక్కడ యజమాని పంపేస్తే హాగరు కొడుకుని తీసుకుని ఆ ఇల్లు దాటి వచ్చేసింది, తిత్తిలో నీళ్లు అయిపోతే దేవుడు అక్కడ కూడా ఆమెకి బావి చూపించాడు. మీ మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటే మాత్రం ప్రార్థన చేసుకుంటూ కూర్చోకండి, ఇండియన్ ఎంబసీకి ఫోన్ చెయ్యండి.

ఏడుపొస్తే అది ప్రార్థన కాదేమో అని భయపడకండి. రూతు గ్రంథంలో నయోమి కూడా మీలాగే బతుకుదెరువు కోసం పరదేశం పోయింది, మోయాబులో మొగుడ్ని ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకుని బేత్లెహేము వచ్చి ఏమందో తెలుసా, సర్వశక్తుడే నాకు ఇంత దుఃఖం కలగజేశాడు, నిండుగా వెళ్లాను ఖాళీగా వచ్చాను అంది. మీకు వాట్సాప్‌లో వచ్చే ఎల్ షద్దాయ్ అదే సర్వశక్తుడు, ఆ పేరుతోనే ఆయన మీద ఫిర్యాదు చేసింది. ఆ గ్రంథం మొత్తంలో ఆమెని తప్పు పట్టినవాళ్లు లేరు. న్యాయాధిపతుల గ్రంథంలో గిద్యోను సంగతీ అంతే, యెహోవా మాకు తోడైతే మాకెందుకు ఇదంతా అని మొహం మీదే అడిగాడు, యెహోవా షాలోమ్ (యెహోవా సమాధానకర్త) అని బలిపీఠానికి పేరు పెట్టింది కూడా ఆయనే, అప్పటికి యుద్ధం మొదలు కూడా కాలేదు. కాబట్టి రాత్రి పడుకునే ముందు పేర్లన్నీ వద్దు, ఒక్క ఎల్ రోయి చాలు, దాంతో పాటు ఆ రోజు జరిగింది అమ్మకి చెప్పుకున్నట్టు చెప్పండి, కోపం వస్తే కోపంగానే.

ఇక డబ్బు. ఈ నెల నుంచి ఆయన అకౌంట్‌కి పంపడం ఆపండి. మీ పేరు మీద, విదేశాల్లో ఉండే భారతీయులు మన బ్యాంకుల్లో తెరిచే ఎన్‌ఆర్‌ఈ అకౌంట్ తెరవండి, పాప ఫీజు నేరుగా స్కూల్‌కి, ఇంటి ఖర్చు మీ అమ్మకి పంపండి. ఆయన గొడవ చేస్తారు, మీ అమ్మకి ముందే చెప్పి ఉంచండి, దగ్గర్లో ఉన్న మీ అన్నయ్యకి కూడా. మొగుడికి లోబడాలి కదా అని రాశారు, ఆయన తాగుడికి డబ్బు కట్టమని ఏ వాక్యమూ లేదు.

కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లో వచ్చిన 68వ నంబర్ చట్టం ఉంది, వారానికి ఒక రోజు సెలవు, రోజుకి 12 గంటలకు మించి పని వద్దు, మీరు ఒప్పుకోకుండా పాస్‌పోర్ట్ వాళ్లు ఉంచుకోకూడదు. సెలవు అడగండి. దొరికితే శుక్రవారం తెలుగు ఆరాధనకి వెళ్లండి, పాటల కోసం కాకపోయినా మన భాషలో నాలుగు మాటలు మాట్లాడుకోవడానికైనా. నిద్ర సంగతి డాక్టర్‌కి చెప్పాలి, నెలల తరబడి నిద్ర లేకపోవడం ప్రార్థనతో మాత్రమే తేలేది కాదు. చచ్చిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వస్తే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఎవరికైనా చెప్పండి.

పాప ఫోన్‌కి రాకపోతే బతిమాలకండి, బాగా చదువుతున్నావా అని కూడా అడక్కండి, అది విని విని విసిగిపోయి ఉంటుంది. చిన్న వాయిస్ మెసేజ్ పెట్టండి, ఈ రోజు ఏం వండారు, కిటికీలోంచి ఏం కనిపించింది, ఇలాంటివే. జవాబు రాకపోయినా రేపు ఇంకోటి పెట్టండి. అకౌంట్ తెరిచాక ఇంట్లో ఏమన్నారో నాకు మళ్లీ రాయండి, దాన్ని బట్టి తర్వాత ఏం చెయ్యాలో చూద్దాం.