ముగ్గు షాటుతో మొదలుపెట్టు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం, కథ, దానికి జతచేసిన పట్టిక అందాయి. కథ తీరిగ్గా చదివాను. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసే నాయనమ్మ, పక్కనే గొంతుక్కూర్చుని చుక్కలు లెక్కపెట్టే మనవరాలు, నాయనమ్మ మాటల్లోంచి 1970ల నాటి ఊరు లేచి రావడం. ఐదు నిమిషాల చిత్రానికి చక్కగా సరిపోతుంది. పట్టిక మాత్రం నాకు నచ్చలేదు.

వర్ణన ఇస్తే వీడియో పుట్టించే ఏఐ పరికరాలను రన్‌వే, వియో, క్లింగ్, వాన్, ఫైర్‌ఫ్లై అని వరుసగా రాసి, ధర, నిడివి, స్పష్టత అని గడులు గీసి, ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులు వేసి, ఏది మంచిదో చెప్పమన్నావు. ఆ మార్కులు నీ పని చూసి వేసినవి కావమ్మా. కంపెనీలు విడుదల రోజున చూపించిన నమూనా వీడియోలు చూసి వేసినవి. యంత్రానికి బాగా వచ్చినవాటినే వాళ్ళు చూపిస్తారు. వానకు తడిసి రంగుదీపాల్లో మెరిసే నగర వీధి, మంచు కొండల మీదుగా ఎగిరే కెమెరా, కళ్ళార్పకుండా చూసే అందమైన ముఖం. నీ కథలో ఇవేవీ లేవు. నీ కథలో ముగ్గు ఉంది. పోలిక అక్కడ మొదలవ్వాలి.

నీ కథ చదివాక ఆ ఒక్క షాటునే తీసుకుని, ఒకే వర్ణనతో వేర్వేరు పరికరాలకు ఇచ్చి చూశాను. పేడనీళ్ళు చల్లి ఆరుతున్న మట్టి వాకిలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నగా జారే బియ్యప్పిండి, చుక్కలను చుట్టుకుంటూ పోయే మెలిక. దూరం నుంచి చూస్తే దాదాపు అన్నీ బాగానే ఉన్నాయి. వెలుతురు, చీర మడతలు, ముసలి చేతి ముడతలు ముచ్చటగా వచ్చాయి. ఇప్పుడు క్లిప్పును ఆపి ఆపి చూడు. చెయ్యి ఇంకా చేరని చోట గీత అప్పటికే పడి ఉంది. వేళ్ళ మధ్య పిండి లేదు, అయినా ముగ్గు పెరుగుతోంది. చెయ్యి చుక్కల మీదుగా దాటేసరికి చుక్కల వరుస మారిపోయింది. ఒకచోట మెలిక తిరిగి వచ్చి తనను తాను కలుసుకోవలసిన దగ్గర నేలలో ఇంకిపోయింది. ముగ్గు వేయడం తెలిసిన ఏ ఆడపిల్లయినా ఒక్క చూపులో పట్టేస్తుంది. నీ ప్రేక్షకులు వాళ్ళే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడం నీకు అవసరం. కారణం తెలిస్తే కొత్త పరికరం వచ్చినప్పుడల్లా ఎక్కడ వెతకాలో నీకే తెలుస్తుంది. ఈ పరికరాలను నడిపే ఏఐ నమూనాల్లో (మోడళ్ళలో) ఎక్కువ భాగం మనిషి గీసినట్టు ఒక బొమ్మ తర్వాత మరో బొమ్మ గీయవు. అర్థం లేని రంగు చుక్కలతో నిండిన తెరతో మొదలుపెట్టి, క్లిప్పు మొత్తాన్నీ కలిపి దఫదఫాలుగా శుభ్రం చేసుకుంటూ పోతాయి. ముగ్గు వేసే చెయ్యి ఎలా కనబడుతుందో లెక్కలేనన్ని వీడియోల నుంచి పట్టుకున్నాయి. పిండి ముందు వేళ్ళలో ఉండాలనీ, ఆ తర్వాతే నేల మీద పడాలనీ వాటికి ఎవరూ విడిగా నేర్పలేదు. 2024 ఫిబ్రవరిలో సోరా అనే ఇలాంటి పరికరాన్నే పరిచయం చేసినప్పుడు, చాట్‌జీపీటీ తెచ్చిన ఓపెన్‌ఏఐ కంపెనీ ఈ బలహీనతను దాచలేదు. మనిషి బిస్కెట్ కొరికాక కూడా బిస్కెట్‌పై కొరికిన గుర్తు ఉండకపోవచ్చని స్వయంగా రాసింది. ఆ తర్వాత నమూనాలు చాలా మెరుగయ్యాయి. అయినా ఒక పని జరిగి దాని ఫలితం వస్తువు మీద మిగలవలసిన ప్రతిచోటా ముందు అనుమానించు. పూలు కట్టడం, ఉల్లిపాయ తరగడం, ఉత్తరం రాయడం, చీర కుచ్చిళ్ళు పోయడం అన్నీ ఆ కోవలోవే.

అందువల్ల ముగ్గు షాటు యంత్రాన్ని అడగవద్దు. మీ ఊరు వెళ్ళి, ఫోనుతో, మీ నాయనమ్మ చేతులను తియ్యి. తెల్లవారుజామున మంచు తెరలో వచ్చే వెలుతురు పది నిమిషాలే ఉంటుంది కాబట్టి ముందురోజే కోణం చూసి పెట్టుకో. ఈ మాట అంటే నీకు నిరాశ కలగవచ్చు, చిత్రమంతా ఏఐతోనే తీయాలని పట్టుదలగా ఉన్నావు కదా. ఆ పట్టుదల కథకు ఏ మేలూ చేయదు. నీ చేతికందేది కెమెరాతో తియ్యి. నీకు అందనిది మాత్రమే యంత్రాన్ని అడుగు. 1970ల నాటి బజారు నీకు అందదు. కట్ట తెగి నీళ్ళు వీధిలోకి రావడం అందదు. రథం ముందుకు కదులుతుంటే ఆకాశం నుంచి చూసే చూపు అందదు. ఆ షాట్లకు ఏ పరికరం అనేది అప్పుడు సరైన ప్రశ్న అవుతుంది.

ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను. నాయనమ్మ పడుచుదనంలో బజారు వెంట నడిచే షాట్లు నీ కథలో చాలా ఉన్నాయి. ఆమె ప్రతి షాటులోనూ అదే మనిషిగా కనబడాలి. ఒక షాటులో కోలముఖం, ఇంకో షాటులో గుండ్రటి ముఖం వస్తే కథ అక్కడే చచ్చిపోతుంది. 2025 మార్చిలో వచ్చిన రన్‌వే జెన్-4 ఈ ఇబ్బంది మీదే దృష్టి పెట్టింది. మనిషి బొమ్మను ఆధారంగా ఇస్తే వేర్వేరు చోట్ల, వేర్వేరు వెలుతురులో ఆ మనిషినే నిలబెట్టే ప్రయత్నం చేస్తుంది. ఈ పని ఇప్పుడు మిగతా కంపెనీలవీ చేస్తున్నాయి. పోల్చేటప్పుడు ముఖం ఒక్కటే చూడకు. చీర అంచు, ముక్కుపుడక ఏ వైపు ఉంది, పైట ఏ భుజం మీద ఉంది, ఇవి చూడు. మారిపోయేవి ముందుగా ఇవే.

ఇంకో మాట. బజారును మాటల్లో వర్ణించి యంత్రానికి వదిలేస్తే అది ఎక్కడో ఉత్తరాది బజారునో, పర్యాటకుల కోసం వేసిన సెట్టునో తెచ్చి నీ ముందు పెడుతుంది. పెంకుటిల్లు, అరుగు, దూలానికి వేలాడే లాంతరు మన ఊళ్ళలో ఎలా ఉంటాయో దానికి పెద్దగా తెలియదు. అందుకే మాటతో కాక బొమ్మతో మొదలుపెట్టు. మీ ఊళ్ళో మిగిలిన పాత ఇంటి ఫొటో తీసి, కరెంటు తీగలు, డిష్ యాంటెన్నా చెరిపేసి, దాన్నే మొదటి ఫ్రేముగా ఇవ్వు. కువైషో కంపెనీ 2024 జూన్‌లో తెచ్చిన క్లింగ్ వంటివాటిలో మొదటి ఫ్రేముతో పాటు చివరి ఫ్రేము కూడా ఇచ్చే వీలుంది. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో రెండూ నువ్వే నిర్ణయిస్తావు. రాసేవాళ్ళకు ఇంతకన్నా కావలసింది ఏముంది?

బజారులో దుకాణాల బోర్డులు యంత్రం చేత రాయించకు. తెలుగు అక్షరం దగ్గర, ముఖ్యంగా వత్తుల దగ్గర, ఇవి తడబడతాయి. దూరానికి తెలుగులా ఉండి దగ్గరికి వస్తే ఏ లిపీ కాని గీతలు వస్తాయి. బోర్డులు ఖాళీగా పుట్టించి, అక్షరాలు ఎడిటింగ్‌లో నువ్వే పెట్టు. ఆ కాలం పెయింటరు రాసిన అక్షరాల తీరు పాత ఫొటోల్లో దొరుకుతుంది.

శబ్దం సంగతికి వస్తే, గూగుల్ 2025 మేలో విడుదల చేసిన వియో 3 బొమ్మతో పాటే చప్పుళ్ళూ మాటలూ పుట్టిస్తుంది. వాన, అడుగుల చప్పుడు, జనం గోల లాంటివాటికి చాలా ఉపయోగం. మాటలకు మాత్రం వాడకు. నేను విన్న క్లిప్పుల్లో తెలుగు పలికింది గానీ, ఆ యాస ఏ ఊరిదీ కాదు. నాయనమ్మ గొంతు నీ చిత్రానికి ప్రాణం. అది మీ ఇంట్లోనే, ఫ్యాను ఆపి, దుప్పట్లు వేలాడదీసిన గదిలో రికార్డు చెయ్యి.

ఫైర్‌ఫ్లై నీకు ఇప్పుడు అక్కరలేదు. లైసెన్సు ఉన్న సామగ్రితో నేర్పామని అడోబీ చెబుతుంది కాబట్టి రేపు ప్రకటనల పని చేసేటప్పుడు క్లయింటు అడిగితే గుర్తుంచుకో. వాన్ మాత్రం చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్ళకు నిజమైన వరం. అలీబాబా 2025 ఫిబ్రవరిలో వాన్ 2.1ను అందరికీ ఉచితంగా తెరిచిపెట్టింది. అందులో 130 కోట్ల పరామితుల (నేర్చుకున్నదాన్ని దాచుకునే అంకెల) చిన్న నమూనా సుమారు 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది. ఆటల కోసం కొన్న కంప్యూటర్ ఏ స్నేహితుడి ఇంట్లోనైనా ఉంటే చాలు. బొమ్మ స్పష్టత తక్కువే, నెమ్మదిగానూ వస్తుంది. అయితే ఎన్నిసార్లు తప్పినా డబ్బు పోదు. చెయ్యి తిరిగేవరకూ దాని మీద సాధన చెయ్యి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి నీ పట్టికలోని ధర గడి గురించి. నెలకు ఇంత అని రాశావు. ఈ సేవలు ఎక్కువగా క్రెడిట్ల లెక్కన, అంటే డబ్బు కట్టి తీసుకునే పాయింట్ల లెక్కన నడుస్తాయి. క్లిప్పు బాగా వచ్చినా, చెడిపోయినా క్రెడిట్లు ఖర్చవుతాయి. కాబట్టి లెక్క వేయవలసింది చిత్రంలో నిలిచిన ప్రతి సెకనుకూ ఎంత పడిందని. టొరంటోకు చెందిన షై కిడ్స్ బృందం 2024లో సోరాతో, తల స్థానంలో పసుపు బెలూను ఉన్న మనిషి కథను లఘుచిత్రంగా తీసింది. పుట్టించిన వీడియోలో సుమారు 300 వంతులకు ఒక వంతే చిత్రంలోకి వెళ్ళిందని వాళ్ళు అంచనాగా చెప్పారు. బెలూను రంగు మారిపోతూ, దాని మీద ముఖం మొలుస్తూ ఉంటే ఎడిటింగ్‌లో కూర్చుని సరిచేసుకున్నారు. ఆ తర్వాతి పరికరాలతో అంత వృథా ఉండకపోవచ్చు. అయినా పొదుపు చేసేది పరికరం కన్నా షాట్ల జాబితానే. వియో 3 క్లిప్పు 8 సెకన్లు, జెన్-4 క్లిప్పు 5 లేదా 10 సెకన్లు. షాటు సగటున 5 సెకన్లు అనుకుంటే ఐదు నిమిషాల చిత్రానికి 60 షాట్లు. ఒక్కో షాటులో ఏం కదులుతుంది, కెమెరా ఎక్కడుంది, ఎందుకు కట్ అవుతుంది అన్నది నువ్వు ముందే రాసుకోకపోతే, ఆ 60 నిర్ణయాలూ యంత్రం చేస్తుంది, బిల్లు నీకు వస్తుంది.

హక్కుల విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. బజారులో కనబడే సినిమా పోస్టరు మీద పేరున్న హీరో ముఖం పుట్టిస్తే బాగుంటుందని రాశావు. వద్దు. తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడుకోవడంపై అక్కినేని నాగార్జున దిల్లీ హైకోర్టుకు వెళ్తే, 2025 సెప్టెంబరులో కోర్టు ఆయనకు రక్షణ ఇచ్చింది. కోర్టు భయం ఒక్కటే కాదు, ఇంకొకరి ముఖం అడగకుండా తీసుకోవడం మర్యాద కాదు. మీ నాయనమ్మ దగ్గర కూడా, ఆమె పడుచు రూపాన్ని యంత్రంతో చేయిస్తున్నావని చెప్పి, చూపించి, ఆమె సరే అన్నాకే వాడు. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు నిజమనిపించే కల్పిత దృశ్యాలున్నాయని తెలపాలి. 2024 మార్చి నుంచి అక్కడ ఆ నియమం ఉంది.

నీ చేతిరాత ప్రతులు, స్టోరీబోర్డు, ఎడిటింగ్ ఫైళ్ళు ఏవీ పారేయకు. యంత్రానికి ఇచ్చిన ఆదేశం ఒక్కటే రచయిత హక్కుకు చాలదని 2025 జనవరిలో అమెరికా కాపీరైట్ కార్యాలయం తన నివేదికలో చెప్పింది. మన కాపీరైట్ చట్టం, కంప్యూటర్ పుట్టించిన రచనకు దాన్ని పుట్టించడానికి కారకుడైన వ్యక్తే కర్త అంటుంది. 1994 సవరణ నాటి మాట అది, ఈ యంత్రాలు లేని కాలంలో రాసింది. ఎటు చూసినా ఆ చిత్రంలో నీ చెయ్యి ఎక్కడుందో చూపించగలగాలి.

కొత్త పట్టిక ఇలా గీయి. పరికరాల పేర్లు తీసేసి వరుసలో నీ షాట్లు పెట్టు. ప్రతి షాటు పక్కన, దీన్ని కెమెరాతో తీయగలనా, లేకపోతే ఇందులో తప్పకుండా నిలవాల్సింది ముఖమా, కదలికా, చోటా అని రాయి. యంత్రం అవసరమని తేలిన షాట్లలో కష్టమైనవి మూడు ఎంచుకుని, ఒకే మొదటి ఫ్రేముతో అన్నింటిలోనూ ప్రయత్నించు. ఏడాది చందా ఎక్కడా కట్టకు. నెల చందా కట్టి, పని పూర్తయ్యాక ఆపెయ్యి, ఈ రంగంలో నమూనాలు నెలల్లోనే మారిపోతున్నాయి. ఆ మూడు షాట్ల క్లిప్పులు, చెడిపోయినవాటితో సహా, నాకు పంపు. పండుగకు మీ ఊరు వెళ్ళే లోపే పంపితే, అక్కడ ఏం తీసుకురావాలో ఇద్దరం కూర్చుని జాబితా రాసుకోవచ్చు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు